లోపలుండిపోయిన తాడు

సముద్రంలోంచి వచ్చిన లైఫ్ జాకెట్‌ని మంచినీళ్ళలో కడక్కపోతే రెండు నెలల్లో దాని జిప్పు పట్టేస్తుంది. బకిళ్ళలో ఇసుక చేరుతుంది. అందుకని ప్రతి సోమవారం పొద్దున్నే కుళాయి కింద పెద్ద టబ్బు పెట్టుకుని, పద్నాలుగు జాకెట్లనూ ఒక్కొక్కటే ముంచి తీసి, భుజాల పట్టీలు గట్టిగా లాగి చూసి, వాటికి కట్టిన ఈలలు ఊది చూసి, సరుగుడు చెట్ల మధ్య తీగ మీద నీడపట్టున ఆరేస్తాను. ఆ సోమవారం పదమూడే ఆరేశాను. పద్నాలుగోది షెడ్డులో ఒక మూల పడి ఉంది. మా ఆయన గిరిబాబు పళ్ళు తోముకుంటూ వచ్చి, తీగ వైపు చూసి, "ఆ పిల్ల ఏసుకున్నది కూడా కడిగీ. దానికేటీ అవనేదు కదా, బాగానే ఉన్నాది" అన్నాడు.

జాకెట్టు గురించి అన్నాడు. ఆ పిల్ల అప్పటికి శ్రీకాకుళంలో ఆసుపత్రి మంచం మీద ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఉంది.

మాది కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసేచోట, ఒక కయాకింగ్ కేంద్రం. శ్రీకూర్మం స్వామి పేరు కలిసొచ్చేలా 'కూర్మా అడ్వెంచర్స్' అని మా ఆయనే పేరు పెట్టాడు. అంతకుముందు గజపతినగరంలో వాళ్ళ నాన్నగారి కొట్లో కూర్చునేవాడు. ఒకసారి స్నేహితులతో గోవా వెళ్ళి, సన్నగా పొడుగ్గా ఒక్క మనిషే కూర్చుని తెడ్డు వేసుకునే ఆ పడవల్ని చూసి వచ్చి, "మనకి సముద్రం నేదేటి?" అన్నాడు. నేనప్పటికి ఏడేళ్ళుగా అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఉద్యోగం మానేయమని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. "నువ్వు రాకపోతే అక్కడ అమ్మకీ నాకూ ఒండీదెవులు?" అన్నాడంతే. మానేశాను. వాళ్ళిద్దరికే కాదు, వచ్చిన అతిథులందరికీ వండాలని ఇక్కడికొచ్చాక తెలిసింది.

మొదట్లో చెన్నై నుంచి ఒక శిక్షకుడు వచ్చి నాలుగు రోజులు ఉన్నాడు. మా ఆయనకూ ఇంకో ఇద్దరు మగవాళ్ళకూ నేర్పాడు. నేను షెడ్డు పక్కన ఉల్లిపాయలు తరుగుతూ విన్నాను. పైన తెరిచి ఉన్న పడవలైతే బోల్తా కొట్టగానే మనిషి నీళ్ళలో పడతాడు, జాకెట్టు తేలుస్తుంది, భయం లేదు. సముద్రంలోకి వెళ్ళే మూత పడవలు వేరు. నడుముకి ఒక రబ్బరు గుడ్డ తొడుక్కుని, మనం కూర్చున్న రంధ్రం చుట్టూ దాని అంచు సాగదీసి బిగించాలి. అప్పుడు అల మీద పడినా లోపలికి చుక్క నీరు రాదు. కానీ పడవ తిరగబడితే మనిషి తలకిందులుగా నీళ్ళలో ఉంటాడు, కాళ్ళు పడవలోనే ఉంటాయి. "ముందుకు వంగండి. పడవ అడుగు మీద మూడుసార్లు కొట్టండి, పక్కవాళ్ళకి తెలుస్తుంది. గుడ్డ ముందు అంచున ఎర్ర తాడు ఉంటుంది. దాన్ని ముందుకు లాగి పైకెత్తండి, గుడ్డ ఊడిపోతుంది. తర్వాత ప్యాంటు విప్పుకున్నట్టు పడవను నడుం మీంచి తోసేసుకుని బయటికి వచ్చేయండి" అని ఆయన పదేపదే చెప్పాడు. "గుడ్డ బిగించేటప్పుడు ఆ తాడు బయటికి ఉందో లేదో చూసుకోవాలి. చూసి, చేత్తో ముట్టుకుని కూడా చూసుకోవాలి. అది లోపలుండిపోతే నీళ్ళలో ఎంత వెతికినా దొరకదు."

ఆ గుడ్డని ఇంగ్లీషులో స్కర్ట్ అంటారు. ఆ పేరు విని మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "లంగా యవ్వారం మా ఆవిడ సూసుకుంటాది" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా పరికరాల పని నాదైంది. ఆఖరి రోజు అందరూ ఒక్కొక్కరే కావాలని బోల్తా కొట్టి బయటికి వచ్చాక, ఆ శిక్షకుడు నా వైపు తిరిగి, "మేడమ్ కూడా చెయ్యాలండీ. ఇవి తొడిగేవాళ్ళకి లోపల ఎలా ఉంటుందో తెలియాలి" అన్నాడు. నా గుండె ఒక్కసారి ఎగిరింది, నిజం. ఉల్లిపాయల చెయ్యి చీరకి తుడుచుకుని లేవబోయాను కూడా. "ఆవిడ కూకుంటే పడవే లోపలికెల్లిపోద్ది సార్" అన్నాడు మా ఆయన. నేను గిన్నె తీసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాను. నా నడుం గురించి సిగ్గుపడ్డాను. లేవబోయినందుకు ఇంకా సిగ్గుపడ్డాను.

నలభై రెండేళ్ళలో నేను సిగ్గుపడినవన్నీ దాదాపు ఇలాంటివే. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా పిల్లల్లేరని బస్సులో ఎవరో అడిగితే సిగ్గు. కూరలో ఉప్పు చాల్లేదని అతిథి అంటే సిగ్గు. అలకి తడిసిన చీర కాళ్ళకి అంటుకుంటే, చూసినవాళ్ళకి కాదు, నాకు సిగ్గు. ఇవేవీ తప్పులు కావని నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు, పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, తెలుసు. తెలిసినా మెడ దానంతటదే వంగేది. నిజంగా సిగ్గుపడాల్సినది వచ్చేసరికి, అన్నేళ్ళ అలవాటుతో దాన్ని కూడా మెడ వంచుకుని లోపలే దాచుకోగలిగాను.

ఆ ఆదివారం పదకొండు మంది వచ్చారు. అందులో సింధు అని ఒకమ్మాయి. ఇరవై నాలుగేళ్ళుంటాయి. విజయనగరం పిల్ల, విశాఖలో ఉద్యోగం, హాస్టల్లో ఉంటుందట. వాళ్ళ నాన్న కాశీవిశ్వనాథం గారికి విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టుంది. ఆయన గొడుగు వేసుకుని ఒడ్డునే కుర్చీలో కూర్చున్నారు. సింధు అప్పటికి రెండుసార్లు మా దగ్గర తెరిచి ఉన్న పడవ నడిపింది. ఈసారి మూత పడవ కావాలంది. మూత పడవ ఎక్కేవాళ్ళని ముందు నడుం లోతు నీళ్ళలో ఒక్కసారైనా బోల్తా కొట్టించి బయటికి రప్పించాలి. మా ఆయన ఆ పని మానేసి చాలాకాలమైంది. "అరగంట దండగ, జుత్తు తడిసిపోద్దని ఆడోల్లే ఒద్దంతారు" అనేవాడు. సింధుని ఇసకలోనే కూర్చోబెట్టి నోటితో చెప్పేశాడు. అది నాకు తెలుసు. చూస్తూనే ఉన్నాను.

తర్వాత ఆమె పడవలో కూర్చుంది. నేను ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ అంచు బిగిస్తున్నాను. వెనక నుంచి మొదలుపెట్టి పక్కలకి వచ్చి, చివర ముందు అంచు లాగి తగిలించాలి. "ఆంటీ, మీరు ఎప్పుడైనా ఇందులో వెళ్ళారా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "ఎందుకు?" అంది. ఆ 'ఎందుకు'కి ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే షెడ్డు దగ్గర్నుంచి కేక. "శైలజా! టీ ఏటైంది? ఎంతసేపట్నుంచి సెప్తన్నాను? ఇనబడ్డం నేదా?" పదకొండు మందీ నా వైపు చూశారు. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ముందు అంచు ఒక్క గుంజు గుంజి తగిలించేసి లేచి పరిగెత్తాను. చూసుకోలేదు. ముట్టుకుని చూసుకోలేదు. వెయ్యిసార్లు గుర్తు తెచ్చుకున్నాను, చూసుకున్నట్టు ఒక్కసారీ గుర్తు రాలేదు.

మా ఆయన టీ తాగి అందర్నీ తీసుకుని నీళ్ళలోకి వెళ్ళాడు. నేను ఒడ్డున ఉన్నవాళ్ళకి గ్లాసుల్లో టీ పోస్తుండగా ధనలక్ష్మి అరుపు వినిపించింది. ధనలక్ష్మి ఏటి మొగలో పీతలు పట్టుకునే మనిషి. సెలవురోజుల్లో మా పడవలు మోయడానికీ వస్తుంది. నది సముద్రంలో కలిసేచోట అలలు విరిగే దగ్గర ఎర్ర పడవ ఒకటి బోర్లా పడి ఉంది. మా ఆయన తన పడవలో దానికి చాలా ముందు, మిగతావాళ్ళ వైపు ఫోను పెట్టి వీడియో తీస్తున్నాడు. వెనక్కి తిరిగి లేడు. పడవ అడుగు మీద ఒక చెయ్యి పైకొచ్చి కొట్టింది. మళ్ళీ కొట్టింది. తర్వాత చెయ్యి కనిపించలేదు. ధనలక్ష్మి చీర కూడా ఎగ్గట్టకుండా నీళ్ళలోకి దూకింది. ఇసక తిప్ప మీద ఆమెకి ఛాతీ లోతు. ఆ పడవకి అడ్డంగా పడి, అవతలి అంచు పట్టుకుని, మొత్తం పడవనే మనిషితో సహా ఇటు తిప్పేసింది.

ఒడ్డుకి లాక్కొచ్చేసరికి సింధు పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను గుడ్డ ఊడదీయబోయాను. ముందు అంచు దగ్గర తాడు లేదు. నా వేళ్ళకి రబ్బరు తప్ప ఏమీ తగల్లేదు. అప్పుడు తెలిసింది. పక్క నుంచి వేళ్ళు దూర్చి గుడ్డ పీకేశాను. ఎర్ర తాడు లోపలివైపు ముడుచుకుని ఉంది. ధనలక్ష్మి ఆ పిల్లని పక్కకి తిప్పి వీపు చరుస్తోంది. కక్కుకుంది, దగ్గింది, ఊపిరి లాక్కుంది. కాశీవిశ్వనాథం గారు ఇసకలో చెప్పులు జారిపోతూ పరిగెత్తుకొస్తున్నారు. ఆ కాస్త సేపట్లోనే నా చెయ్యి ఆ తాడుని బయటికి లాగి, సర్ది, గుడ్డ మీద కనబడేలా పెట్టేసింది. నేనేమీ ఆలోచించలేదు. వంటింట్లో మరక తుడిచినట్టు తుడిచేశాను.

మా ఆయన వచ్చి ముందు గుడ్డే చూశాడు. "తాడు బయటే ఉన్నాది కదా! లాగితే వచ్చీది. పాపం, కంగారు పడిపోనాదండీ అమ్మాయి" అన్నాడు కాశీవిశ్వనాథం గారితో. నేను అక్కడే ఉన్నాను. సింధు చేతిగోళ్ళు రెండు మొదలంటా విరిగి నెత్తురొస్తుంటే నా కొంగుతో అదిమి పట్టుకుని ఉన్నాను. ఏమీ అనలేదు.

మూడో రోజు పొద్దున మా ఆయనకి చెప్పేశాను. తిడతాడనుకున్నాను, చెయ్యెత్తుతాడేమో అని కూడా అనుకున్నాను. ఫోను పక్కన పెట్టి నా వైపు తిరిగి విన్నాడు. ఫోను పక్కన పెట్టి నా మాట వినడం ఎన్నేళ్ళ తర్వాతో.

"ఎవులైనా సూసినారా?"

"లేదనుకుంటాను."

"ఐతే నువ్వేటీ సెయ్యనేదు. తాడు బయటే ఉన్నాది, నాను సూసినాను. ఇంక మాటాడకు."

"ఆ అమ్మాయికి ముందు బోల్తా కొట్టడం నేర్పి ఉంటే..."

"నేర్పకపోడం సంగతి తర్వాత. తాడు పెట్టింది నువ్వు" అన్నాడు. గొంతు పెంచకుండానే అన్నాడు. వెంటనే నా భుజం మీద చెయ్యి వేసి, "భయపడకు. నీకేటీ అవనివ్వను" అన్నాడు.

ఆ తర్వాతి రోజుల గురించి చెప్పడం నాకు అన్నిటికంటే కష్టం. ఆయన నాతో మంచిగా ఉన్నాడు. కేక వెయ్యలేదు. ఒక సాయంత్రం తనే టీ పెట్టి తెచ్చి ఇచ్చాడు. మా అత్తగారు పార్వతీదేవి వింతగా చూసి, "ఏటిరా, పెళ్ళానికి టీ పెట్టీసినావు! నా కాలంలో మీ నాన్న నీల్ల గలాసు కూడా ముట్టనేదు" అంది. ఆ టీ బావుంది. నాకు బావుంది. పద్నాలుగేళ్ళుగా నేను కోరుకున్నది, మనిషిగా నన్ను పట్టించుకోవడం, నేను నోరు మూసుకుని ఉన్నందుకు బదులుగా దొరుకుతోందని తెలిసీ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను. ఒక పిల్ల ప్రాణం పోయేంత పని చేసి, దాన్ని దాచి, ఆ దాచినందుకు వచ్చిన టీ తాగి, అది బావుందనుకున్నదాన్ని నేను. ఆయన నా తప్పుని కూడా తన చేతిలోకి తీసేసుకున్నాడు. నువ్వేమీ చెయ్యలేదు అన్నాడు. నిజానికి ఆయన నా గురించి ఎప్పుడూ అనుకునేది అదే కదా, నేనేమీ చెయ్యనని. ఈసారి ఆ మాట నాకు హాయిగా ఉంది. అందుకు నన్ను నేను చూసుకోలేకపోయాను. అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవడం మానేసి, వంటింటి గోడకేసి తిరిగి జడ వేసుకునేదాన్ని.

పన్నెండో రోజు సింధు వచ్చింది, వాళ్ళ నాన్నతో. ధనలక్ష్మికి ఒక చీర, మాకో మిఠాయి డబ్బా తెచ్చారు. గోళ్ళకి ఇంకా పట్టీ ఉంది. కాశీవిశ్వనాథం గారు మా ఆయన చేతులు పట్టుకుని, "మీకు లేనిపోని తలనెప్పి తెచ్చింది మా పిల్ల. ఏటనుకోకండి" అన్నారు. మా ఆయన పెద్దమనిషిలా, "పిల్లలు కదండీ, అవుతాయి" అన్నాడు. సింధు నా దగ్గరికి వచ్చింది.

"సారీ ఆంటీ. మీరు అంత జాగ్రత్తగా కట్టారు. నేనే..." అని ఆగింది. "నేను వెతికాను ఆంటీ. ఒట్టు. అంకుల్ చెప్పినట్టే ముందుకి వంగాను, కొట్టాను, తాడు కోసం వెతికాను. ఏమీ దొరకలేదు. కానీ అది అక్కడే ఉందంట కదా. నాకేమైందో నాకే అర్థం కావట్లేదు. బుర్ర పనిచెయ్యలేదేమో."

"ఇంక సాల్లే, ఊరుకో. అందుకే ఉజ్జోగం మానిపించేశాను" అన్నారు వాళ్ళ నాన్న నవ్వుతూ. "కళ్ళెదురుగా ఉన్న తాడు పట్టుకోలేనిది అంత పెద్ద ఊళ్ళో ఒక్కర్తీ ఏం బతుకుతుందండీ? కొట్లో కూర్చోబెట్టాను. మంచి సంబంధం చూస్తే ఆ పూచీ వాళ్ళది."

సింధు తల దించుకుంది. ఆ వంగిన మెడ నాకు బాగా తెలిసిన మెడ. ఇంతకుముందు ఆ పిల్లకి అది లేదు. 'ఎందుకు?' అని నన్ను అడిగిన రోజున లేదు. నేను నోరు తెరిచాను. మా ఆయన నా వైపు చూసి, మెత్తగా, "శైలజా, ఆలకి పలహారం ఏటైనా ఎట్టు" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి ఉప్మా చేశాను. జీడిపప్పు కూడా వేశాను. ఆ పిల్ల తిని, బావుంది ఆంటీ అని, వెళ్ళేటప్పుడు వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది.

వాళ్ళ కారు వెళ్ళిపోయాక ఏటి ఒడ్డుకి వెళ్ళి నిలబడ్డాను. ధనలక్ష్మి పీతల వల విదిలిస్తోంది. నా వైపు చూడకుండానే అంది.

"నాకు సీరెట్టినాది. నీకు దండమెట్టినాది. బాగుంది శైలజమ్మా."

వల్లో చిక్కుకున్న పీతని తీసి బుట్టలో పడేసింది.

"ఆ తాడు నీ సెయ్యే బయటికి లాగినాది. నాను సూసినాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు ధనలక్ష్మీ?"

"నువ్వు సెప్తావనుకున్నాను" అంది. వల భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మా ఆయన పని మీద శ్రీకాకుళం వెళ్ళాడు. పొద్దున ఏడున్నరకి నేను ఆయన ట్రాక్ ప్యాంటు, పాత చొక్కా తొడుక్కుని ధనలక్ష్మి దగ్గరికి వెళ్ళాను. నన్ను పడవలో కూర్చోబెట్టి తిరగెయ్యి అన్నాను. ఎగాదిగా చూసింది. "నీకు ఈత రాదు కదమ్మా" అంది. జాకెట్టు ఉంది కదా అన్నాను. అన్నిటికంటే పెద్ద జాకెట్టుకి కూడా నా ఛాతీ మీద బకిల్ పడలేదు. వేసేవాళ్ళెవరూ లేక పట్టీలన్నీ నేనే పూర్తిగా వదులు చేసుకుని, ఊపిరి బిగబట్టి వేసుకున్నాను. ఇన్నాళ్ళూ ఎంతమందికో పట్టీలు సరిచేసి తొడిగాను, నాకు సరిపోయేలా ఒక్కదాన్ని తెప్పించమని అడగలేదు. వలలు ఎండేసుకుంటున్న ముసలాళ్ళిద్దరు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. ఆ పూట నా ఒంటి గురించి సిగ్గుపడే తీరిక లేదు.

ఏటిలో అలల్లేని చోట, ధనలక్ష్మికి నడుం లోతు. గుడ్డ నేనే బిగించుకున్నాను. తాడు చూసుకున్నాను, ముట్టుకున్నాను. "ముక్కు మూసుకో" అంది, తిరగేసింది. ఒక్కసారిగా చప్పుడంతా పోయింది. ఆకుపచ్చని చీకటి. ముక్కులోకి ఉప్పునీళ్ళు మంటలా దూసుకెళ్ళాయి. ఎటు పైనో ఎటు కిందో తెలియలేదు. ముందుకు వంగాలి అని తెలుసు, నాలుగేళ్ళుగా ఆ మాట వందలమందికి చెప్తుంటే విన్నాను. నా ఒళ్ళు మాత్రం వెనక్కి విరుచుకుంది. పడవ పక్క మీద పిచ్చిగా కొట్టాను. ధనలక్ష్మి తిప్పేసింది. దగ్గి, ఏడ్చి, "మళ్ళీ" అన్నాను. రెండోసారి వంగాను. వేళ్ళు గుడ్డ అంచు వెంట జరిగి తాడుకి తగిలాయి. ముందుకి లాగి పైకెత్తాను. గుడ్డ ఊడింది. నడుం పక్కన చేతులు పెట్టి తోసుకుంటే పడవ నన్ను వదిలేసింది. జాకెట్టు నన్ను పైకి విసిరింది. గాలి! నా అంతట నేను వచ్చాను. ధనలక్ష్మి నవ్వింది. "వచ్చీసినావే!" అంది.

నాకు నవ్వు రాలేదు. "ఇంకొక్కసారి. ఈసారి తాడు లోపల పెడతాను" అన్నాను.

"నీకేటైనా పిచ్చా? నానెయ్యను."

"పది లెక్కపెట్టి తిప్పెయ్యి. ఆ పిల్ల ఎక్కడ ఉండిపోయిందో నాకు తెలియాలి."

చాలాసేపు గొణిగి, పడవ అంచు మీద రెండు చేతులూ పెట్టుకుని ఒప్పుకుంది. తిరగేసింది. వంగాను. వేళ్ళు ముందు అంచుకి వెళ్ళాయి. నున్నటి రబ్బరు. ఎడమకి జరిపాను, నున్నగా ఉంది. కుడికి జరిపాను, నున్నగానే ఉంది. బిగుతుగా, ఎక్కడా పట్టు దొరక్కుండా. తాడు లోపలుందని నాకు తెలుసు, పదికి పైకి వస్తానని తెలుసు, అయినా నా గోళ్ళు వాటంతటవే ఆ అంచు కింద గుచ్చుకుని పీకుతున్నాయి. సింధుకి అదేమీ తెలియదు. ఆమె కంగారు పడలేదు. చెప్పినట్టే వంగింది, చెప్పినట్టే కొట్టింది, చెప్పిన చోటే వెతికింది. లేనిదాని కోసం గోళ్ళు విరిగేదాకా వెతికింది. ఆ గోళ్ళకి నెత్తురు కారుతుంటే పట్టుకుని కూర్చున్నది నేనే, అప్పుడే నాకు తెలుసు. వాళ్ళ నాన్న నవ్వుతూ ఆ మాట అన్నప్పుడూ తెలుసు. ఉప్మాలో జీడిపప్పు వేసినప్పుడూ తెలుసు.

పైకి వచ్చాక ఒడ్డున కూర్చుని ఏడ్చాను. ధనలక్ష్మి పక్కనే కూర్చుంది. ఓదార్చలేదు. కాసేపాగి, "బస్సు పదింటికి ఉన్నాది" అంది.

ఇంటికెళ్ళి తల తుడుచుకుని, స్కూల్లో పరీక్షపేపర్లు రాసిన అక్షరాలతోనే ఒక తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాశాను. ముందు శిక్షణ ఇవ్వలేదని రాశాను. తాడు చూడకుండా గుడ్డ బిగించింది నేనని, తర్వాత దాన్ని బయటికి లాగి దాచింది నేనని రాశాను. టీ కోసం కేక వేశారని మొదట రాసి, కొట్టేశాను. ఆ కేక నిజమే. కానీ ఆ కాగితంలో అది ఉంటే నేను మళ్ళీ ఏమీ చెయ్యనిదాన్నైపోతాను. కింద సంతకం పెట్టాను. మా అత్తగారు "ఎక్కడికే?" అంటే "విజయనగరం" అన్నాను. "అబ్బాయికి సెప్పినావా?" అంది. లేదన్నాను. అలా లేదని చెప్పడం ఆ ఇంట్లో అదే మొదలు.

కొట్లో కాశీవిశ్వనాథం గారు బిందెలు తూకం వేయిస్తున్నారు. సింధు వెనకాల చిన్న బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆయన, "రండమ్మా, రండి. గిరిబాబు గారేరీ? మీరొక్కరే వచ్చారే?" అన్నారు.

"నేను చెప్పాల్సింది ఉందండీ. చెప్పాల్సింది ఆయన కాదు, నేనే."

కాగితం ఇద్దామనుకున్నాను. ఇవ్వకముందే నోట్లోంచి మాట వచ్చేసింది. బిందెలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, తూకం వేస్తున్న మనిషి, అందరి ముందూ చెప్పాను. తాడు లోపలుంది. పెట్టింది నేను. అందరూ రాకముందే బయటికి లాగింది నేను. నిన్న మా ఇంట్లో మీరు ఆ పిల్లని అన్న మాటకి నోరు మూసుకున్నదీ నేనే. మీ అమ్మాయి చెయ్యాల్సిందంతా చేసింది.

ఆయనకి కొంతసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. కేకలేశారు. పిల్ల చచ్చిపోయుంటే అన్నారు. మిమ్మల్ని జైల్లో పెట్టిస్తానన్నారు. అప్పుడు కాగితం ఇచ్చాను. "దీన్ని పోలీసులకి ఇచ్చుకోండి. నా సంతకం ఉంది" అన్నాను. ఆయన దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

సింధు ముందుకి వచ్చింది. నన్ను క్షమిస్తుందని నేను అనుకోలేదు. క్షమించలేదు కూడా. నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నేను మీ కాళ్ళకి దణ్ణం పెట్టాను" అంది. ఆంటీ అనలేదు. నేను తల దించుకోలేదు. దించుకుంటే ఆ పిల్ల కళ్ళు తప్పించుకున్నట్టవుతుంది. తర్వాత ఆమె వాళ్ళ నాన్న వైపు తిరిగి, "వెతికానని చెప్పానా లేదా నాన్నా? ఎన్నిసార్లు చెప్పాను?" అంది. గొంతు పైకి లేచింది. ఆయన కూతురి చేతి పట్టీల వైపు చూస్తూ కుర్చీలో కూర్చుండిపోయారు. నేను మెట్లు దిగి వచ్చేస్తుంటే వెనక నుంచి ఆ పిల్ల మాట వినబడింది, "సోమవారం నేను వైజాగ్ వెళ్తున్నాను" అని. అడగలేదు. చెప్పింది.

బస్టాండు దాకా నడిచాను. ఫోను పదకొండుసార్లు మోగి ఆగింది. పన్నెండోసారి ఎత్తాను.

"ఎక్కడున్నావు? అమ్మ ఏటేటో సెప్తన్నాది. ఆ కోమటాయన కొట్టుకెల్లినావా?"

"వెళ్ళాను. చెప్పేశాను. రాసి కూడా ఇచ్చాను. మీరు నేర్పలేదన్న సంగతి కూడా రాశాను."

అవతల్నుంచి కేక. బస్టాండులో పక్కన కూర్చున్న ఆవిడకి కూడా వినబడేంత కేక.

"పదిమందిలోనూ ఇంటి పరువు తీసీసినావు! నీకు సిగ్గుందా?"

"ఉందండీ" అన్నాను. "పదమూడు రోజుల్నుంచీ ఉంది. అందుకే వచ్చాను."